టమాటా కాయ పెద్దది కావలయునన్న ఎన్నుకొనవలసినది కాయను కాదు, మొక్కను

మదనపల్లె మార్కెట్టు యార్డులో తెల్లవారుజామున మండీల ముందు నిలిచి చూచిన వారికి ఒక సంగతి వెంటనే తెలియును. ఒకే తోటనుండి ఒకే దినమున కోసిన కాయలైనను అన్నియు ఒకే ధరకు పోవు. పెద్దవి, గట్టివి, మచ్చ లేనివి మొదటి రకముగ ఒక ప్రక్కకు చేరును. నడితరగతివి మరియొక ప్రక్కకు పోవును. గోళీలవంటి చిన్నకాయలు కడపట మిగులును. 2023 జూలై మాసాంతమున మొదటి రకము కాయ కిలో సుమారు 200 రూపాయలు పలికినప్పుడు చిన్నకాయకును గిరాకి కలిగినది. అట్టి నెలలు అరుదు. ధర పడిపోయిన కాలమున చిన్నకాయను అడుగువారు లేక, కోతకూలియు బండిబాడుగయు రాక, దానిని చెట్టుననే విడిచిపెట్టిన రైతులు మన బి.కొత్తకోట, కురబలకోట, ములకలచెరువు ప్రాంతములలో తక్కువమంది కారు. కావున కాయ పరిమాణము వేడుకకు అడుగు ప్రశ్న కాదు. పెట్టిన పెట్టుబడి తిరిగి వచ్చుటయా, రాకపోవుటయా అనునది పెక్కుసారులు దానిమీదనే ఆధారపడియున్నది.

సభ్యులలో పలువురు మమ్మడుగుచుండు ప్రశ్న యిది: "తోటలోని మిక్కిలి పెద్దకాయను ఏరి, దాని గింజలు దాచి మరుకాపునకు నాటినచో కాయ పెద్దది కాదా? ఆవును, ఎద్దును మనము అట్లే గదా ఎన్నుకొనుచున్నాము?" ప్రశ్న మంచిదే. దానికి అవుననియు, కాదనియు రెండు విధముల సమాధానము చెప్పవలసియున్నది. ఆ భేదము తెలియక మేమును కొన్ని కాపులు వృథాపుచ్చితిమి.

మేము మొదట చేసిన పని యేమనగా, కోత ముగిసి కాయలు కుప్పపోసిన పిమ్మట కుప్పలోని పెద్దకాయలను ఏరి గింజలు తీసితిమి. మరుకాపున కాయ పెరుగలేదు. రెండవసారి మరింత శ్రద్ధతో, చెట్టుననే చూచి మిక్కిలి పెద్దకాయను గుర్తించితిమి. ఆ చెట్టు కాలువ మొదట, ఎరువు దిబ్బకు దగ్గరగ నున్నది. దాని ప్రక్కన నాటవలసిన రెండు మొక్కలు చచ్చి, ఆ స్థలమంతయు దానికే దక్కినది. దాని గింజలును తక్కిన గింజలవలెనే కాచినవి. కాయ పెద్దదగుట ఎరువుచేతను, నీటిచేతను, ఒంటరితనముచేతను కలిగినదే గాని గింజలోనున్న గుణముచేత కాదు. ఎరువు దిబ్బ గింజలోనికి ప్రవేశింపదు గదా!

ఈ పొరపాటు మనకే కలిగినది కాదు. అమెరికా దేశమున ఒహైయో రాష్ట్రమందలి రెనాల్డ్స్‌బర్గ్ అను గ్రామమున అలెగ్జాండర్ లివింగ్‌స్టన్ అను విత్తనపు రైతు వంద యేండ్లకు పైగా పూర్వము ఇదే దారిన నడచెను. ఆ కాలపు టమాటా కాయలు గాట్లు పడి, బోలుగ, వంకరగ నుండెడివి. అతడు ఏటేట తోటలోని మేలైన కాయలను ఏరి వాని గింజలు నాటుచు సుమారు 15 సంవత్సరములు గడపెను. ఫలము శూన్యము. తుదకు ఒకనాడు కాయను విడిచి మొక్కను చూడ నారంభించెను. తోటలో ఒక మొక్క తక్కిన వానికంటె భిన్నముగ కనబడినది. ఆకు దట్టము, కాయలన్నియు ఒకే తీరున గుండ్రముగ, నున్నగ నున్నవి. అయితే కాయ అమ్మకమునకు మిక్కిలి చిన్నది! ఐనను అతడు ఆ మొక్క గింజలనే వేరుగ దాచి వరుసలుగ నాటెను. పుట్టిన మొక్కలన్నియు తల్లివలెనే కాచినవి. అటుపిమ్మట ఆ సంతతిలోనే మేలైన మొక్కలను ఏరుచు, మంచి సేద్యము చేయుచు కొన్ని యేండ్లలో కాయను పెద్దదిగను కండగలదిగను చేసి, 1870లో 'పారగాన్' అను పేరున దానిని విడుదల చేసెను. ఈ కథను అతడే 1893లో ప్రకటించిన తన గ్రంథమున చెప్పుకొనియున్నాడు. 15 సంవత్సరములలో కాని పని, ఎన్నిక తీరు మార్చిన పిమ్మట అంతకంటె చాల తక్కువ కాలమున అయినది.

ఇట్లేల జరిగెనో తెలియుటకు టమాటా పూవును విప్పి చూడవలయును. పసుపుపచ్చని కేసరములు ఒక గొట్టమువలె కలిసియుండును. కీలాగ్రము ఆ గొట్టము లోపలనే యుండుటచేత తన పుప్పొడియే తనపై పడును. తేనెటీగలవలన పరాగము కొంత మారుటకు అవకాశమున్నను, మనము నాటు రకములలో అది సాధారణముగ నూటికి ఐదుపాళ్లకు లోబడియుండును. కావున టమాటాకు తల్లియు తండ్రియు చాలవరకు ఒకే మొక్క. ఒక మొక్క కాసిన పెద్దకాయలోని గింజలును, ఆ మొక్కయే కాసిన చిన్నకాయలోని గింజలును ఒకే యింటి బిడ్డలు. పెద్దకాయలో పుట్టిన గింజకు ప్రత్యేకమైన ఆస్తి యేదియు లేదు. ఆవును ఎన్నుకొనునప్పుడు మనము ఆవునంతటిని చూతుము గాని ఒక్కనాటి చెంబెడు పాలను చూచి ఎన్నుకొనము. టమాటాలో కాయ ఆ చెంబెడు పాలవంటిది.

ఇంకొక మెట్టు ముందునకు పోవలయును. డెన్మార్కు దేశస్థుడగు జోహాన్‌సన్ అను శాస్త్రజ్ఞుడు చిక్కుడు జాతి గింజలతో పరీక్షలు చేసి 1903లో ప్రకటించిన విషయమిది. ఎన్నో మొక్కల గింజలు కలిసియున్న రాసిలో పెద్దగింజలను ఏరి నాటినచో మరుపంట సగటున పెద్దదగును. ఒక్క మొక్కనుండి తరతరములుగ స్వపరాగముతో వచ్చిన సంతతిలో మాత్రము పెద్దగింజ నాటినను, చిన్నగింజ నాటినను పంట ఒకటే. దీనికే శుద్ధవంశమని పేరు. ఎన్నిక క్రొత్తగుణమును పుట్టింపదు. కలిసియున్న గుణములను విడదీయును, అంతియే. జల్లెడ పిండిని తెల్లగ చేయదు, ఉన్న పొట్టును వేరు చేయును. జల్లించుటకు పొట్టు లేనప్పుడు ఎంత జల్లించినను చేయి నొచ్చుటయే ఫలము.

కావున మొదట వేసికొనవలసిన ప్రశ్న "మన గింజలో కలగలుపు ఉన్నదా?" అని. అనేక యేండ్లుగ ఇంట దాచి, ఇరుగుపొరుగుతో మార్చుకొనుచు వచ్చిన నాటురకమున అది ఉండును. పరిశోధనాలయమువారు శుద్ధవంశముగ విడుదల చేసిన రకమున దాదాపు ఉండదు. కంపెనీ హైబ్రిడ్ గింజ సంగతి వేరు. దానినుండి నాటిన మొదటి తోట అంతయు ఒకే తీరున నుండును. ఆ తోటలోని కాయల గింజలు దాచి నాటిన రెండవ తరమున మాత్రము గుణములన్నియు చెదరి, పెద్దకాయ మొక్క, చిన్నకాయ మొక్క, పొడవు కాయ, గుండ్రని కాయ అన్నియు బయటపడును. "హైబ్రిడ్ గింజ దాచితిమి, తోట చెడినది" అని రైతులు వాపోవుట దీనిచేతనే. పంటకొరకు నాటువానికి అది నష్టము. ఎన్నికకొరకు నాటువానికి అదియే జల్లెడలో వేయదగిన పిండి. ఈ రెండు పనులను ఒకే మడిలో చేయబూనరాదు. బ్రతుకుతెరువునకు కొన్న గింజ నాటి, ఎన్నికకు ఒక చిన్నమడి మాత్రము విడువవలయును.

కాయ పరిమాణము దేనిచేత ఏర్పడునో ఇప్పుడు కొంత చెప్పుదుము. ఏలయన, పెద్దకాయ యనగా ఎట్టి పెద్దకాయ అను విషయమున మన రైతులు మోసపోవుచున్నారు. టమాటాకు మూలపురుషుడు దక్షిణ అమెరికాలో పెరూ, ఈక్వడార్ ప్రాంతముల అడవి మొక్క. దాని కాయ బఠాణీగింజకంటె కొంచెము పెద్దది. తూకము ఒకటి రెండు గ్రాములు. లోపల రెండే గదులు. అచ్చటినుండి మెక్సికో వరకు ప్రాకిన ఈ మొక్కను ఆ దేశపు ప్రాచీన కృషీవలులు ఏ శాస్త్రమును చదువకయే ఏరి యేరి నూరింతలకు పైగా పెద్దది చేసిరి. ఆ మార్పు ఎట్లు జరిగినదో శాస్త్రజ్ఞులు ఇటీవలనే కనుగొనిరి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమువారు 2000 సంవత్సరమున కాయ తూకమును శాసించు ఒక జన్యువును గుర్తించిరి. అది ఒక్కటియే తూకమును నూటికి 30 పాళ్ల వరకు మార్చగలదట. గదుల సంఖ్యను పెంచు జన్యువులు వేరుగ నున్నవి. 2012లో టమాటా 12 జతల క్రోమోజోముల లిపి అంతయు ప్రకటింపబడినది. అందు ఐదవ క్రోమోజోము పని మన భారతీయ శాస్త్రజ్ఞుల వంతునకు వచ్చినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును టమాటా జన్యుసంపదకు ఒక భాండాగారము కలదు.

ఇందు రైతునకు పనికివచ్చు మాట యేమనగా, కాయ రెండు దారుల పెద్దదగును. ఒకటి గదులు పెరుగుట. రెండవది గోడ దళసరియగుట. కాయను అడ్డముగ కోసి చూడుడు. గదులు ఆరు, ఎనిమిది ఉన్న కాయ తూకమునకు బాగుగనే యుండును గాని చప్పిడిగ, గాట్లుపడి, తొడిమ దగ్గర పగుళ్లువారి, లోన నీరు ఎక్కువగ నుండును. ఇంటికూరకు, పొరుగూరి సంతకు అది చాలును. లారీపై రెండు మూడు దినములు ప్రయాణము చేయవలసిన కాయ అట్టిదైనచో పెట్టె అడుగున రసమగును. గదులు రెండు మూడే యుండి, గోడ దళముగల కాయ అంత పెద్దది కాకపోయినను క్రిందికి మీదికి పడినను ఓర్చుకొనును. మా అభిప్రాయమున మన ప్రాంతమునకు 80, 90 గ్రాముల గట్టికాయ చాలును. దానికి మించి ఆశపడి పావుకిలో కాయకొరకు ఎన్నికచేయుట జాతరలో చూపుటకు తప్ప మండీకి పనికిరాదు. బెంగుళూరు దగ్గర హెసరఘట్టయందలి భారత ఉద్యాన పరిశోధన సంస్థవారు 'టిప్ టాప్' అను అమెరికా రకమునుండి శుద్ధవంశ ఎన్నికచేతనే 'అర్క వికాస్' అను రకమును తీసిరి. దాని కాయయు 80, 90 గ్రాములదే. ఎన్నికచేత ఎంతటి పని యగునో దానివలన తెలిసికొనవచ్చును.

ఇక పని విధానము. ఎన్నిక మడియందు కనీసము 200 మొక్కలుండవలయును. ఈ సంఖ్య ఏల? చిన్నకాయ గుణము పెద్దకాయ గుణమును చాలవరకు అణచివేయును. 10 గ్రాముల కాయ మొక్కకును 160 గ్రాముల కాయ మొక్కకును సంకరము చేసినచో బిడ్డల కాయ రెంటి నడుమ 85 గ్రాములుండునని మనము తలంతుము. అది 40 గ్రాముల దరిదాపులనే నిలుచును. మనము కోరు గుణము ఇట్లు అణగియున్నప్పుడు ఒక్క జన్యువైనచో రెండవ తరమున నాలుగు మొక్కలలో ఒకటి, రెండైనచో 16లో ఒకటి, మూడైనచో 64లో ఒకటి మాత్రమే దానిని పూర్తిగ పొందును. 20 మొక్కలు నాటి, పెద్దకాయ రాలేదని విడిచినవాడు చీటీ కొనకయే లాటరీ తగులలేదని వగచువానివంటివాడు.

మడి అంతయు ఒకే విధమైన నేల, ఒకే నీరు, ఒకే ఎరువు గలదై యుండవలయును. గట్టు ప్రక్క వరుసలను, కాలువ మొదటి మొక్కలను, ప్రక్కమొక్క చచ్చిన తావున ఒంటిగ నున్నవానిని లెక్కలోనికి తీసికొనరాదు. మా ఎరువు దిబ్బ కథను మరువవలదు. మిగిలిన మడిని 20 మొక్కలకొక గడిచొప్పున విభజించి, ఏ గడికి ఆ గడిలోనే మేలైన రెండు మొక్కలను ఎన్నుకొనుడు. మడి మూలలో సారము ఎక్కువైనచో అందలి మొక్కలన్నియు పైకి వచ్చి, బీదనేలలో నున్న మంచి మొక్కను కప్పివేయును. గడులు చేసినచో ప్రతిమొక్కయు తన సరిజోడుతోనే పోటీపడును.

ఎన్నుకొన్న మొక్కకు రంగుగుడ్డ పీలిక కట్టి సంఖ్య వేయవలయును. కోతకు వచ్చు స్త్రీలకు ముందుగనే చెప్పనిచో మీ తల్లిమొక్క కాయలు మధ్యాహ్నమునకే లారీ నెక్కును. మాకు ఒకసారి అట్లే జరిగినది. ఒక్కొక్క మొక్క కాయలను వేరుగ లెక్కించి వేరుగ తూచుడు. మొదటి పూగుత్తిలో మొదటి పూవు తరచుగ రెండు మూడు పూలు కలిసినట్లు పుట్టి, వంకర పెద్దకాయ నిచ్చును. దానిని లెక్కింపరాదు. రెండవ, మూడవ, నాలుగవ కోతల సగటు తీయుడు. కాయ తూకముతోపాటు మొక్క మొత్తము తూకమును వ్రాయుడు. పది కాయలు మాత్రమే కాచి ఒక్కొక్కటి 120 గ్రాములు తూగు మొక్కకంటె, 35 కాయలు కాచి ఒక్కొక్కటి 80 గ్రాములు తూగు మొక్క రైతునకు ఎక్కువ మేలు: మొదటిది 1200 గ్రాములు, రెండవది 2800 గ్రాములు. కాయలు తక్కువైనచో మిగిలినవి పెద్దవగుట ఏ మొక్కకైన సహజము. ఆ పెద్దతనమున గొప్ప లేదు.

ఎన్నిక ఫలించినదో లేదో తెలియుటకు ఒకటే ఉపాయము. ఎన్నుకొనని పాతగింజను గూడ మరుకాపున ప్రక్కనే నాటవలయును. లెక్క ఇట్లుండును. మడి సగటు కాయ 60 గ్రాములనియు, ఎన్నుకొన్న మొక్కల సగటు 80 గ్రాములనియు అనుకొందము. అనగా మనము 20 గ్రాములు ఎక్కువగల తల్లులను తీసికొంటిమి. మరుకాపున పాతగింజ 60 గ్రాములే కాయగా, ఎన్నిక గింజ 68 గ్రాములు కాచినచో ఇరువదిలో ఎనిమిది సంతతికి దక్కినవి; పండ్రెండు నేలదియు, నీటిదియు, అదృష్టముదియు. ఎన్నిక గింజయు 60 గ్రాములకే దిగినచో అందు ఇక జల్లింపదగినది లేదని తెలిసికొని వేరు గింజకు పోవలయును. పాతగింజ ప్రక్కన లేనిచో ఈ రెండును తెలియవు. ఏలయన కాపునకు కాపునకు కాయ మారుచుండును. రాత్రులు వేడిగనున్న కాలమున పుప్పొడి చెడి గింజలు తక్కువ పట్టును. గింజలు తగ్గినచో కాయ చిన్నదగును. సముద్రమట్టమునకు 2000 అడుగులకు పైబడిన మన మదనపల్లె మెట్టయందు వేసవి రాత్రులు కొంత చల్లగ నుండుటచేతనే తక్కిన జిల్లాలలో కాపు పోయిన కాలమునను ఇచ్చట కాయ నిలుచుచున్నది. ఐనను శీతకాలపు కాయతో వేసవి కాయను పోల్చి ఎన్నిక ఫలము నిర్ణయించుట న్యాయము కాదు.

రోగము మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. తెల్లదోమవలన వ్యాపించు ఆకుముడత వైరసును తట్టుకొను శక్తి పెక్కు హైబ్రిడ్లలో కలదు. ఆ శక్తిని ఒక జన్యువు మోయుచున్నచో, దాని రెండవ తరమున స్థూలముగ నాలుగు మొక్కలలో ఒకటి ఆ శక్తిని పూర్తిగ కోల్పోవును. తెల్లదోమ లేని కాలమున ఎన్నికచేసినచో ఆ బలహీనమైన మొక్కయే పెద్దకాయతో మన కన్ను కప్పవచ్చును. మరుసటి వేసవిలో ఆ సంతతి తోటయంతయు ముడుచుకొని పోవును. కాయ పెద్దది చేసికొనబోయి తోటనే పోగొట్టుకొనుట యిదియే. కావున కనీసము ఒక తరమునైన తెల్లదోమ ఉధృతముగనున్న కాలమున, మందు కొట్టక, నాటి చూడవలయును. ముడత పడిన మొక్క కాయ ఎంత పెద్దదైనను దానిని పెరికివేయుడు. ఈ పనికి మనసు రాదని మాకు తెలియును.

గింజ తీయుట అందరెరిగినదే. చెట్టుననే బాగుగ పండిన కాయల గుజ్జును మట్టికుండలో గాని గాజుపాత్రలో గాని ఒకటి రెండు దినములు పులియనిచ్చి, నీరుపోసి కలియబెట్టినచో మంచిగింజ అడుగునకు దిగును, తేలినదానిని పారబోయవలయును. కడిగి, నీడన గుడ్డపై ఆరబెట్టి, తడి తగులని సీసాలో దాచుడు. ప్రతి తల్లిమొక్క గింజకు వేరుసీసా ఉండవలయును. అన్నిటిని కలిపివేసినచో చేసిన శ్రమయంతయు మొదటికి వచ్చును. గ్రాము గింజలో సుమారు 300 గింజలుండును గనుక ఒక్క మొక్కయే మరుకాపునకు కావలసినదానికంటె ఎక్కువ ఇచ్చును.

మరుకాపున ఒక్కొక్క తల్లి గింజను ఒక్కొక్క వరుసగ నాటుడు. ఇచ్చట చూడవలసినది మొక్కను కాదు, వరుసను. వరుస అంతయు బాగున్నచో తల్లి మంచిది; ఒకటి రెండు మొక్కలే బాగుండి తక్కినవి చెదరియున్నచో తల్లిలో ఇంకను కలగలుపు ఉన్నది. మంచి వరుసలలో మంచి మొక్కలను మరల ఏరవలయును. స్వపరాగమున తరతరమునకు కలగలుపు సగము సగముగ తరుగును: రెండవ తరమున నూటికి 50, మూడవ తరమున 25, ఆరవ తరమునకు సుమారు 3 పాళ్లు మాత్రమే మిగులును. మన ప్రాంతమున ఏడాదికి రెండు కాపులు తీయగలము గనుక రెండు మూడు సంవత్సరములలో గింజ కుదురుకొనును.

ఇది ఒక్క రైతునకు బరువగు పని. నీరు చాలని యేట ఎన్నిక మడియే మొదట ఎండును. సంఘముగ చేసినచో అట్లు కాదు. పదిమంది సభ్యులు ఒక్కొక్కరు పది వరుసలచొప్పున పెట్టినచో నూరు తల్లుల సంతతిని ఒకే కాపున చూడవచ్చును. అందులో ఐదారు వరుసలను అందరును నాటినచో కొత్తకోట ఎఱ్ఱనేలలో బాగున్న సంతతి గుర్రంకొండ నేలలోను, పెద్దతిప్పసముద్రము బోరునీటితోను నిలుచునో లేదో తెలియును. కలికిరియందలి కృషి విజ్ఞాన కేంద్రమువారిని రోగముల విషయమున సంప్రదింపవచ్చును. గింజ దాచుట చట్టవిరుద్ధమేమో అని కొందరు సభ్యులు శంకించుచున్నారు. మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము, 2001, 39వ విభాగము ప్రకారము రైతు తన పంట గింజను దాచుకొనుటకు, నాటుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు, అమ్ముటకును హక్కు కలదు. ఆ చట్టము క్రింద రక్షింపబడిన రకపు గింజను పేరు ముద్రించిన సంచులలో అమ్ముట మాత్రము కూడదు.

ఎన్నిక మడి పెట్టదలచిన సభ్యులు ఒక పుస్తకమున ఆరు గడులు గీసి సిద్ధపరచుకొనవలయును: తల్లిమొక్క సంఖ్య, నాటిన తేది, కోసిన కాయల లెక్క, మొత్తము తూకము, అడ్డముగ కోసినప్పటి గదుల సంఖ్య, ఆకుముడత ఉన్నది లేనిది. తూచుటకు చిన్న త్రాసు చాలును. నారు పోయుటకు ముందే సీసాలపై సంఖ్యలు అంటించుడు. నారుమడిలో కలిసిన వరుసలను మరల విడదీయుట ఎవరితరమును కాదు.